మార్లిస్‌కి నేను వేసిన టైర్లు

అరిగిన టైరు నా ముందు పెడితే దాని యజమాని ఎలాంటివాడో చెప్పేస్తాను. గొప్పలు పోతున్నానని కొందరంటారు. అననివ్వండి. బ్రేకు మీద కాలు తీయని పిరికివాడి టైరు ఒకలా అరుగుతుంది, నెలల తరబడి గాలి చూసుకోని సోమరి టైరు ఇంకొకలా. మార్లిస్ ఆస్ట్‌బీ బండికి మాత్రం ఎప్పుడూ కుడివైపు టైర్లే ముందు అరిగేవి. ఇరవై ఏడేళ్ళుగా ఆమె మా కౌంటీలో టపా పంచుతోంది. ప్రభుత్వం బండి ఇవ్వదు, తిరిగేది తన సొంత పికప్పు మీదే. వారానికి ఆరు రోజులు, రోజుకి నూట పద్దెనిమిది మైళ్ళు. మా దేశంలో స్టీరింగు ఎడమవైపు ఉంటుంది, అయినా రోడ్డు పక్కన ఉత్తరాల డబ్బాలు చేతికందాలని కుడివైపు సీట్లో కూర్చుంటుంది. ఎడమ కాలు చాచి పెడళ్ళు తొక్కుతూ, ఎడమ చేత్తో స్టీరింగు తిప్పుతుంది. కుడి చక్రాలు రోజంతా రోడ్డంచు కంకరలోనే నలుగుతాయి.

ఆమె చాలా మంచి మనిషి అని చెప్పడానికి నేనిది రాయడం లేదు. ఆ మాటకొస్తే మనిషి కాస్త కటువు. డబ్బా ముందు మంచు ఊడ్చకపోతే ఉత్తరం ఇవ్వకుండా వెళ్ళిపోయేది. ఎవరైనా గొణిగితే, "పార నీ దగ్గరుందా, నా దగ్గరుందా?" అని అడిగేది. అయితే ఎవరి మందులు ఏ రోజు వస్తాయో ఆమెకి నోటికొచ్చు. మందులు వచ్చిన రోజు మాత్రం మంచు ఎంత ఉన్నా దిగి, మోకాళ్ళ లోతులో నడిచి, తలుపు కొట్టి చేతికిచ్చేది. ఇచ్చి తిట్టి వచ్చేది.

ఆమె మొగుడు ఆర్విడ్. నేనూ అతనూ ఒకే బళ్ళో చదివాం. ముప్పై నాలుగేళ్ళు కౌంటీ రోడ్లని చదును చేసే గ్రేడరు నడిపాడు. మా మట్టి రోడ్ల దుమ్మంతా తనే మింగానని చెప్పుకునేవాడు. మింగింది ఊరికే పోలేదు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. దుమ్ము వల్లేనని చెప్పలేమని డాక్టరన్నాడు. డాక్టరు ఎప్పుడైనా గ్రేడరు ఎక్కాడా?

ఆ ఇంట్లో కొన్న మాంసం వండగా నేను చూడలేదు. ఏటా చలికాలానికి ముందు ఇద్దరూ వేటకెళ్ళి ఫ్రీజరు నింపుకునేవారు. గుర్రమంత ఉండే దుప్పి జాతి ఎల్క్ అయినా దొరికేది, జింకలయినా దొరికేవి. కాకపోతే నది వైపు చీలిన కొండల్లో పెద్ద కొమ్ముల మగ ఎల్క్‌ని కొట్టాలంటే లాటరీలో పర్మిట్ రావాలి. ఆర్విడ్ పంతొమ్మిదేళ్ళు వరసగా అర్జీ పెట్టాడు. పంతొమ్మిదేళ్ళూ రాలేదు. ఇరవయ్యో ఏడు వచ్చింది. ఆ కవరు టపాలో వేరుచేసి, నూట పద్దెనిమిది మైళ్ళు తిప్పి, చివరికి తన ఇంటి డబ్బాలో తనే వేసింది మార్లిస్. మొగుడికి ముందుగా చెప్పలేదు. డబ్బా దాకా నడిచెళ్ళి అతనే తీసుకోవాలని.

అది జూన్ నెల. ఆగస్టులో డాక్టరు చెప్పాల్సింది చెప్పేశాడు.

అక్టోబరు మొదటి వారంలో ఇద్దరూ నా దుకాణానికి వచ్చారు. ఆర్విడ్ ముక్కుకి ప్లాస్టిక్ గొట్టం, భుజాన సంచిలో ఆక్సిజన్ సిలిండరు. తలుపు నుంచి కౌంటరు దాకా పట్టుమని పదడుగులు కూడా ఉండవు. మధ్యలో ఆగి గోడ మీది క్యాలెండరు చదువుతున్నట్టు నటించాడు. అది పోయినేడాది క్యాలెండరు.

"ఏరా నార్మ్, ఇంకా బతికే ఉన్నావా?" అన్నాడు ఊపిరి అందాక.

"నిన్ను సాగనంపాకేగా నేను పోయేది," అనేశాను. ఏళ్ళ తరబడి మేం ఇలాగే మాట్లాడుకుంటాం. అన్నాక నాలుక కరుచుకున్నాను. అతను నవ్వబోయి దగ్గులో పడ్డాడు.

పాత టైర్లు ఇక పనికిరావు. ఉన్న బండి ఒక్కటే. రోజూ టపాకీ అదే, వేటకీ అదే. నేను రెండు రకాలు దొర్లించుకొచ్చి గోడకి ఆనించాను.

"ఇది నీకు," అన్నాను మార్లిస్‌తో, మొదటిదాన్ని తట్టి. "సన్న గాడులు, మెత్తటి రబ్బరు. పక్కన కొండ బొమ్మలో మంచు రేకు గుర్తు చూడు. ఐసు మీద పట్టు వదలదు. హైవే మీద చప్పుడుండదు. ఇప్పుడున్న సైజే."

"మరి అదో?"

"అది మీ ఆయన కోసం. ఒక సైజు పెద్దది. ఈ దిమ్మల మధ్య వేళ్ళు పెట్టి చూడు, ఎంత సందుందో. బురదని విదిలించేస్తుంది. రాయి గీసుకున్నా పక్కలు చిరగవు. కానీ హైవే మీద ఏడుస్తూ పోతుంది. నున్నటి ఐసు మీద దాన్ని నమ్మకూడదు."

"ఏడవనీరా," అన్నాడు ఆర్విడ్. "ముప్పై ఏడేళ్ళు నా గురక భరించింది. టైరు గోల ఒక లెక్కా?"

"రోజూ నూట పద్దెనిమిది మైళ్ళు తిరిగేదాన్ని నేను," అంది మార్లిస్. "నువ్వెళ్ళేది ఒక్క రోజు."

"ఆ ఒక్క రోజుకే అడుగుతున్నా."

ఆమె అతని వైపు చూడకుండా నన్ను అడిగింది: "ఎన్నాళ్ళొస్తాయి?"

ఇది నన్ను రోజుకి పదిసార్లు అడిగే ప్రశ్న. అలవాటుగా నోరు జారింది. "సన్న గాడులదానికి అరవై వేల మైళ్ళు గ్యారంటీ. పెద్దదానికి నలభై వేలే. నీ తిరుగుడుకి అవి వచ్చే ఏడాది నవంబరు దాకా వస్తాయి."

"వచ్చే ఏడాది నవంబరా!" అన్నాడు ఆర్విడ్. "నాకు ఏప్రిల్ దాకా ఇవ్వడానికే డాక్టరు నసుగుతున్నాడు. ఆ గ్యారంటీ ఏదో నాకూ రాసివ్వరా."

ఎవరం నవ్వలేదు. అతను కూడా. మార్లిస్ బయటికెళ్ళి బండి పక్కన నిలబడింది. అద్దంలోంచి నాకు ఆమె వీపే కనిపిస్తోంది. ఆమె ఏం తూచుకుంటోందో నాకు తెలుసు. పెద్ద టైర్లు అతని ఒక్క రోజుకి. చిన్నవి, అతను లేని రోజులన్నింటికీ. లోపలికొచ్చి చేతి తొడుగులు తీయకుండానే చెప్పింది.

"పెద్దవి వెయ్యి."

"చలికాలమంతా ఆ హైవే మీద నువ్వు..."

"చలికాలం సంగతి నేను చూసుకుంటా. వెయ్యమన్నాగా!"

వేశాను. ఆర్విడ్ కుర్చీలో కూర్చుని, ప్రతి నట్టూ బిగించేదాకా చూస్తూనే ఉన్నాడు. అంత సంతోషంగా అతన్ని చూసి చాలా కాలమయింది. కారు మాటలు, వేట మాటలు, పాత మాటలు తప్ప నేను ఇంకేమీ మాట్లాడలేకపోయాను.

నది వైపు కొండల్లో నేలంతా బంకమట్టి. మేం గంబో అంటాం. ఎండితే రాయి, గడ్డకడితే సిమెంటు. తడిస్తే మాత్రం దేవుడే దిక్కు. చక్రానికి చుట్టుకుని, గాడులన్నీ పూడ్చేసి, చక్రాన్ని గుండ్రటి మట్టి ముద్దగా మార్చేస్తుంది. అందుకే నవంబరులో అక్కడికి వెళ్ళేవాళ్ళు తెల్లారకముందే గట్టి నేల మీద లోపలికి పోయి, ఎండకి మెత్తబడకముందే బయటపడతారు. ఆ సంగతి ఆర్విడ్ కంటే బాగా తెలిసినవాడు కౌంటీలో లేడు. ఆ రోడ్ల మీద ఇరుక్కున్నవాళ్ళని ముప్పై నాలుగేళ్ళు గ్రేడరుతో లాగి, లాగినంతసేపూ బూతులు తిట్టినవాడు అతనే.

నవంబరు రెండో వారంలో వెళ్ళారు. అక్కడ జరిగింది నేను చూడలేదు. కొంత మార్లిస్ షెరీఫ్‌కి చెప్పగా విన్నాను, కొంత ఆ మట్టిలో జాడలు చూసి తెలుసుకున్నాను.

గట్టు మీద బండి దారి ఆగిపోయే చోట పికప్పు ఆపింది. దారికి దూరంగా ఒక మడత కుర్చీ వేసి, ఆర్విడ్‌ని కూర్చోబెట్టి, తుపాకీ చేతికిచ్చి, కాళ్ళ మీద దుప్పటి కప్పింది. తెచ్చుకున్నవి నాలుగు సిలిండర్లు, మధ్యాహ్నం దాకా సరిపోయే ఆక్సిజన్. ఎనిమిది దాటాక కింద లోయలో ఎల్క్ కనిపించింది. ఒకే ఒక్క గుండు. పడిపోయింది. ఆర్విడ్ ఏడ్చాడట. మార్లిస్ అది షెరీఫ్‌కి ఎందుకు చెప్పిందో తెలియదు, కానీ చెప్పింది.

అప్పటికింకా నేల గట్టిగానే ఉంది. పని మాత్రం ముందుంది. అంత జంతువుని కోసి, ముక్కలు చేసి, వీపున కట్టుకుని గట్టెక్కించాలి. చేసేది ఒక్క మనిషి. తిరగాల్సింది ఆరుసార్లు. పదింటికి వెనక తొడలు రెండూ పైకి చేరాయి. అప్పుడే గాలి మారింది. పడమటి నుంచి వెచ్చటి గాలి లేచింది. ఆ గాలి నవంబరులో ఒక్క గంటలో మంచుని నీళ్ళు చేసేస్తుంది.

"ఇక చాలు, పోదాం," అందట.

"సగం మాంసం అక్కడ వదిలేసా?" అన్నాడట ఆర్విడ్. "ఇరవయ్యేళ్ళు ఆగి, చంపి, కుళ్ళబెట్టి పోతామా? మనిషన్నవాడు చేసే పనేనా?"

మాంసం వదిలేస్తే మా వైపు చట్టం ఒప్పుకోదు. చట్టం సంగతి అలా ఉంచండి, వదిలేసినవాడి ముఖం ఎవరూ చూడరు. కాఫీ తాగేచోట పక్కన కూర్చోరు. తాతల నాటి నుంచి అంతే. నేనయినా వదిలేవాణ్ణి కాదు. అయినా చావబోతున్న మనిషి, అదీ గ్రేడరు ఆర్విడ్, ఆ గాలి ముఖానికి తగులుతుంటే ఆ మాట ఎలా అన్నాడో! నాకిప్పటికీ కోపమే. "కొత్త టైర్లున్నాయిగా" అని కూడా అన్నాడట. ఆమె మళ్ళీ లోయలోకి దిగింది.

ఆఖరి మోపు ఎక్కించేసరికి ఒంటిగంట దాటింది, వాన మొదలయింది. కంకర రోడ్డు దాకా నాలుగు మైళ్ళు. నా టైర్లు మొదటి రెండు మైళ్ళూ లాగాయి. మామూలు టైర్లయితే అర మైలులోనే చేతులెత్తేసేవి. నేను అమ్మింది మంచి సరుకే. అయినా ఇరుక్కున్నచోట నుంచి ఏ ఇల్లూ కనబడదు, ఫోనూ పలకదు. పికప్పు పక్కకి జారి, వాలు మీద కాలువలో ఒరిగిపోయింది.

ఆమె బూట్లకి చెరో పదేసి పౌన్ల మట్టితో, ఫోను పలికే మిట్ట దాకా మైలున్నర నడిచింది. మళ్ళీ నడిచి వచ్చింది. హెలికాప్టరు ఆ మబ్బులో లేవదన్నారు. షెరీఫ్ దగ్గర్లోని పశువులాయన లార్స్ బెక్‌వాల్‌కి ఫోను చేశాడు, లార్స్ నాకు చేశాడు. ఇద్దరం అతని పెద్ద ట్రాక్టరు మీద బయల్దేరాం. బురదలో, మంచులో పట్టు దొరకాలని దాని చక్రాలకి లావుపాటి గొలుసులు కట్టి ఉన్నాయి. అయినా అడుగడుగునా జారింది. మేం చేరేసరికి నాలుగున్నర.

మార్లిస్ ఎప్పట్లాగే కుడివైపు సీట్లో కూర్చుని ఉంది. స్టీరింగు ముందు ఆర్విడ్. వాలు ఆమె వైపుకి ఉండటంతో అతని తల ఆమె భుజం మీదకి వాలింది. నాలుగు సిలిండర్లూ ఖాళీ అయిపోయి కాళ్ళ దగ్గర పడి ఉన్నాయి. అతను పోయి గంటయింది.

"గొలుసులు వేసుకోలేదా మార్లిస్?" అన్నాడు లార్స్. మంచివాడే, కానీ బుర్రలేని మనిషి.

"నోర్ముయ్ లార్స్, ఇప్పుడా అడగడం!" అని నేనే అరిచాను. ఆమె నా వైపు చూసింది. అలిసిపోయింది, పాపం, అనుకున్నాను.

మాంసం పాడు కాలేదు. లార్స్ తన కొట్టంలో వేలాడదీసి కోయించాడు. అంత్యక్రియలయిన వారానికి మార్లిస్ దాన్ని కాగితంలో చుట్టి, తన దారిలో ఉన్న ప్రతి డబ్బాలోనూ ఒక్కో పొట్లం పెట్టింది. నా వంతు నాకొచ్చింది. వేయించుకుని తిన్నాను. అది పారేస్తే ఆర్విడ్ లేచొచ్చి తన్నేవాడు.

ఊళ్ళో అందరూ గాలినే తప్పుపట్టారు. కొందరు ఆర్విడ్ మొండితనాన్ని తప్పుపట్టారు, గొంతు తగ్గించి. నేనూ వాళ్ళతో కలిసి తలూపాను. కాఫీ తాగుతూ, అంత తెలిసినవాడు అలా ఎలా చేశాడో అని చెరిగేశాను కూడా.

ఆ చలికాలం ఘోరంగా పడింది. ఆ టైర్ల ఏడుపు పొద్దున్నే నా దుకాణం ముందు నుంచి వెళ్ళేది. డిసెంబరులో మార్లిస్ హైవే మీద జారి కంచెలోకి పోయింది. జనవరిలో టపా సంచులతో సహా ఒక పూటంతా కొండదారిలో ఇరుక్కుపోయింది. ఫోను చేసి బతిమాలాను. "తీసుకురా, సన్న గాడులవి ఊరికే వేస్తా. డబ్బు మాటెత్తితే తంతా." "అక్కర్లేదు," అని పెట్టేసింది. మొగుడి కోసం కొన్నవని తీయబుద్ధి కావడం లేదేమో అనుకున్నాను. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండింది, అంత పంతమేంటని.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం ఆమే వచ్చింది. బాగా చిక్కిపోయింది. ఆర్విడ్ కోటు తొడుక్కుంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మంచు కరుగుతోంది. దారులన్నీ బురద. ఈ టైర్లకి గొలుసులు కావాలి," అంది.

"నీకున్నాయిగా? నేనే ఇచ్చా, నాలుగేళ్ళవుతుందేమో."

"పొట్టివయ్యాయి."

సైజుల పుస్తకం తిప్పుతున్న నా చేయి ఆగిపోయింది. పెద్ద టైరుకి చిన్న టైరు గొలుసు కలవదు. అది ఈ పనిలో చేరినవాడికి మొదటి రోజే చెబుతారు. సైజు మార్చే ప్రతి మనిషినీ నేను అడుగుతాను: గొలుసులున్నాయా, తీసుకురా, వేసి చూద్దాం. ముప్పై ఒక్క ఏళ్ళుగా అడుగుతున్నాను. ఆ రోజు ఆర్విడ్ ముఖం చూస్తూ ఉండిపోయాను.

"ఎప్పుడు చూశావ్ అది?" అన్నాను.

"ఎప్పుడేంటి నార్మ్? నవంబర్లో. వాన్లో. రెండు లింకులు తక్కువొచ్చాయి." బొటనవేలూ చూపుడువేలూ చాపి ఎంత తక్కువో చూపించింది. "కంచె వైరు ముక్కతో కట్టా. పది గజాలు పోయాం. బాగా పోయాం. తెగిపోయింది. మళ్ళీ కట్టా, మళ్ళీ తెగింది. అప్పుడే కాలవలోకి జారాం."

సైజుల పుస్తకం మూసేశాను. "నాకెందుకు చెప్పలేదు?"

"ఆయన చెప్పొద్దన్నాడు. ఆఖర్న మాట్లాడిందంతా దాని గురించే. 'వాడికి చెప్పకు, దుకాణం మూసుకుని కూర్చుంటాడు, వెధవ' అన్నాడు." ఆమె గొంతు వణకలేదు. టపా రసీదు చదువుతున్నట్టే చెప్పింది. "ఇంటి దగ్గరే ఒకసారి వేసి చూసుకోవాల్సింది, చూసుకోలేదు. అది నా తప్పే. అడగడం నీ పని."

"అవును," అన్నాను.

"ఎనభై మైళ్ళు పోతే గొలుసులు అక్కడ దొరుకుతాయి. రెండుసార్లు బయల్దేరి వెనక్కొచ్చా. నాలుగు నెల్లు ఆయన మాట నిలబెట్టా నార్మ్. నువ్వు కాఫీ కొట్లో కూర్చుని ఆర్విడ్‌ది మొండితనం అంటున్నావని తెలిసింది. ఇక నా వల్ల కాలేదు."

క్షమించమని అడగడానికి నోరు తెరిచాను. ఆమె చేయి అడ్డంగా ఊపింది, వద్దని. నేను లోపలికెళ్ళి గొలుసులు తెచ్చాను. బయట బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, వెనక చక్రం మీద పరిచి, కింద నుంచి లాగి, కొక్కెం తగిలించాను. ఆమె నా పక్కనే నిలబడి చూసింది. సరిపోయాయి.